నీళ్ళ రుచి తెలిసిన మనిషి

మా మామూ చొక్కా జేబులో పెన్ను ఉండదు. చెంచా ఉంటుంది. స్టీలు చెంచా, పిడి కొంచెం వంగినది. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ చేపల తొట్టి ఉన్న ఏ ఇంటికి పోయినా ఆయన ఆ చెంచాతోనే పోతాడు. తొట్టి ముందు నిలబడి చేపలకంటే ముందు నీళ్ళను చూస్తాడు. చెంచా ముంచి, ఆ నీళ్ళు అరచేతిలో పోసుకుని, నాలుక కొనకు తగిలించుకుని, బయటికి పోయి ఉమ్మేసి వస్తాడు. ఆ తర్వాతే సంచి విప్పుతాడు. సంచిలో కల్లుప్పు ఉంటుంది.

పేరు జహంగీర్. మా అమ్మకు అన్న. ఆదోనిలో ఉత్త జహంగీర్ అని అడిగితే ఎవరికీ తెలియదు. ఉప్పు జహంగీర్ అంటే మా సందు చూపిస్తారు. ఉప్పు వ్యాపారి అనుకుని ఒకసారి ఎవరో హోటలు వాళ్ళు వచ్చి పది మూటలు కావాలన్నారట. మామూ వాళ్ళను కూర్చోబెట్టి, టీ తెప్పించి, తొట్లలో చేపలను చూపించి పంపాడని ఆయన భార్య, మా ముమానీ, ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

వయసులో ఉన్నప్పుడు ఆయన జిన్నింగ్ మిల్లులో పత్తి మూటలు మోసేవాడు. మిల్లు ఆఫీసులో సేటు ఒక చేపల తొట్టి పెట్టించుకున్నాడు. దానికి నీళ్ళు మార్చడం తమ పని కాదని అందరూ తప్పించుకుంటే మామూ చేశాడు. మిల్లు మూతపడిన రోజు మిగతావాళ్ళంతా గేటు దగ్గర అరుస్తుంటే, మామూ లోపలికి పోయి ఈ చేపలకు రేపటి నుంచి మేత ఎవరేస్తారని అడిగాడట. సేటు విసుగ్గా, "నువ్వే తీసుకుపో" అన్నాడు. నీళ్ళు సగం తీసేసి, చేపలతో సహా తొట్టిని తోపుడు బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. దారి పొడవునా పిల్లలు వెంటపడ్డారట. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట ఇది. ఆ తర్వాత ఆయన ఇంకో పని నేర్చుకోలేదు.

మాది కోసిగి. అమ్మా నాన్నా ఏటా మిరపకాయల పనికి గుంటూరు వైపు పోతారు. నేను తొమ్మిదో తరగతి సగంలో ఉండగా ఒక ఏడు నన్నూ తీసుకుపోయారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. నాకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవడానికి సిగ్గేసి నేను మళ్ళీ బడికి పోలేదు. అప్పుడు మామూ వచ్చి నన్ను ఆదోనికి తెచ్చుకున్నాడు. ముమానీ హమీదాబీకి బీపీ. వంటకు తోడు కావాలి. అలా ఈ ఇంట్లో ఉండిపోయాను. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడని వాళ్ళ ముందు మనుషులు దాచుకోకుండా తిరుగుతారు. అందుకే మామూ సంగతి ఇంట్లో అందరికంటే ముందు నాకు తెలిసింది.

ఇంటి ముందు గదే దుకాణం. నాలుగు తొట్లు, ఒక నీళ్ళ డ్రమ్ము, మేత పొట్లాలు. అమ్మకం కంటే ఇళ్ళకు పోయి తొట్లు కడిగి, చేపల జబ్బులు చూసి వచ్చే పనే ఎక్కువ. "ఇవి మంచినీళ్ళ చేపలు కదా మామూ, వీటికి ఉప్పెందుకు?" అని వచ్చిన కొత్తలో అడిగాను. నేను అడగడమే అరుదు కాబట్టి ఆయన చేతిలో పైపు కింద పెట్టి చెప్పాడు.

"చేప ఒంటి మీద బంక ఉంటాది సూడు, అదే దాని చొక్కా. చొక్కా చినిగితే జబ్బు లోపలికి దూరతాది. పిసరంత ఉప్పు తగిలితే ఆ బంక మళ్ళా ఊరతాది. తెల్ల చుక్కల పురుగు సస్తాది. అంతే. అన్నం మాదిరి దినామూ ఏసేది కాదు. మందు. మందని మర్సిపోతే అదే ఇసం."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. "ఎండకు నీళ్ళు ఎగిరిపోతాయి. ఉప్పు ఎగిరిపోదు. ఆడనే కూసోని ఉంటాది. పోయిన నీళ్ళకు ఉత్త నీళ్ళే పొయ్యాల. మనం తీసి పారబోసిన నీళ్ళకు మాత్రమే ఉప్పు లెక్క."

తొట్టిలో పెంచే పచ్చ మొక్కలకు ఉప్పు పడదు. గాజుకు నోరు అతికించుకుని పాచి తినే నల్ల చేపకు, సక్కర్ అంటారు దాన్ని, దానికీ పడదు. గోల్డ్ ఫిష్ ఓర్చుకుంటుంది. "ఉప్పు ఎక్కువైతే ముందు మొక్క సెప్తాది. తర్వాత సక్కర్ సెప్తాది. ఆఖరుకు గోల్డ్ ఫిష్ సెప్తాది. గోల్డ్ ఫిష్ సెప్పేదాకా కూసున్నోడు గాడిద" అనేవాడు.

మా వైపు నీళ్ళు మూడు రకాలు. కుళాయిలో కాలువ నీళ్ళు వస్తే చప్పగా ఉంటాయి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఎండలు మొదలై కుళాయి రోజులు తప్పడం మొదలుపెడితే ట్యాంకరు వస్తుంది. ఆ నీళ్ళు ఏ చేనిలో బోరువో ట్యాంకరు తోలేవాడికే తెలియాలి. తొట్టిలో ముందే ఎంత ఉప్పుందో తెలియకుండా పైన ఎంత వేయాలో ఎలా తెలుస్తుంది? అందుకే ఆ చెంచా. ఒకతను నీళ్ళలో ముంచితే అంకె చూపించే మీటరు తెచ్చి కొనుక్కోమన్నాడు. మామూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు. "ఇది ఎంతుందో సెప్తాదప్పా, ఏముందో సెప్పదు. బోరులో సున్నమూ దీనికొకటే, ఉప్పూ దీనికొకటే. నా నాలుకకు కాదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆయనకు ఉన్న గర్వమంతా అదొక్కటే.

పోయిన దసరా తర్వాత మామూకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. లేచాక మనిషి సగమయ్యాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. యాభై తొమ్మిదేళ్ళు కదా, తగ్గుతుందిలే అనుకున్నాము. నేను మాత్రం ఉప్పు గిన్నెను చూశాను.

ముమానీకి బీపీ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో కూరల్లో ఉప్పు తక్కువ. అది మామూకు సరిపోదు. ఆయన కంచం పక్కన చిన్న గిన్నెలో ఉప్పు విడిగా పెట్టాలి. పెట్టకపోతే గొడవ. "చేపలకు గుప్పెడు గుప్పెడు ఏస్తావు, మొగునికి చిటికెడు ఏసేదానికి నీకు చెయ్యి రాదు" అని ఆయన, "చేపలకూ నేనేస్తే రుచి సూసే పనే ఉండదు, నువ్వేస్తాండావు కాబట్టే నీళ్ళు ఉమ్ముకుంటా తిరుగుతాండావు" అని ఆమె. జ్వరం తర్వాత ఆ గొడవ ఆగిపోయింది. గిన్నెలో ఉప్పు చెమ్మగిల్లి గడ్డకట్టింది. నేను గడ్డ పగలగొట్టి మళ్ళీ పెట్టేదాన్ని. అది మళ్ళీ గడ్డకట్టేది.

ఒకరోజు పప్పులో ఉప్పు వేయడమే మరిచిపోయాను. ముమానీ మొదటి ముద్దకే కంచం జరిపింది. "ఏం పిల్లా, బీపీ నాకా ఊరందరికా?" అంది. అప్పటికే మామూ సగం అన్నం తిన్నాడు. ఆమె మాట విని ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత గిన్నెలోంచి ఉప్పు తీసి కలుపుకున్నాడు. ఎంత తీశాడంటే, ఆ అన్నం ఎవరూ తినలేరు. ఆయన తిన్నాడు. "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

నేను తల వంచుకుని కంచాలు తీశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? ఆ నాలుక పోయిందని తెలిస్తే ఆయనను ఎవరు పిలుస్తారు? ఆదోనిలో ఆరు తొట్లు, ఎమ్మిగనూరులో మూడు. ఆ తొమ్మిది ఇళ్ళ వాళ్ళూ ఆయన చెంచాను నమ్మి పిలిచినవాళ్ళే. ఆయన అప్పటికీ చెంచా ముంచుతూనే ఉన్నాడు. అరచేతిలో పోసుకుని, నాలుకకు తగిలించి, ఉమ్మి, కాసేపు ఆలోచించినట్టు నిలబడేవాడు. చలికాలమంతా కుళాయి నీళ్ళే కాబట్టి చెయ్యి అలవాటు మీద వేసిన ఉప్పు సరిపోయింది. మాఘమాసం పోగానే ట్యాంకర్లు మొదలయ్యాయి.

మొదట పోయింది పళ్ళ డాక్టరు ఆసుపత్రి తొట్టిలో సక్కర్. మేము పోయేసరికి కాంపౌండరు దాన్ని కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడు.

"ఏందప్పా ఉప్పు జహంగీరూ, చేపను పెంచమంటే ఊరగాయ పెట్టినావా?" అన్నాడు.

పంటి నొప్పితో కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. మామూ కూడా నవ్వాడు. బయటికి వచ్చాక సంచి నా చేతికిచ్చి, మోటారు సైకిళ్ళు నిలిపే చోట గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయాసం అన్నాడు.

ఆ వారమే రంజాన్ నెల మొదలైంది. రోజా, అంటే ఒక్కపొద్దు, ఉన్నప్పుడు మామూ నీళ్ళు నాలుకకు తగలనివ్వడు. ఉమ్మేస్తే ఏం కాదని ఎవరు చెప్పినా వినడు. ఏటా ఆ నెల రోజులూ పక్కనే టీ కొట్టు పెట్టుకున్న మద్దయ్యే ఆయన నాలుక.

"రా మద్దన్నా. డ్రమ్ములో కొత్త నీళ్ళు పడినాయి."

"ఏటా ఇదే బాధ ఏందప్పా? నీ స్వర్గానికి నా నోట్లో చేప నీళ్ళు పొయ్యాల్నా?"

"పుణ్యంలో నీకూ పాలుంటాదిలే."

"పాలు నా కొట్లోనే ఉండాయి. నీ పాలెవరికి కావాల?" అంటూనే మద్దయ్య నోట్లో పొగాకు తీసి పారేసి, చెంచాడు నీళ్ళు పుక్కిలించి ఉమ్మేవాడు. "సప్పగుండాది."

లోపలి నుంచి ముమానీ అరిచేది. "ఆ పొగాకు నోటికి సముద్రం పోసినా సప్పగనే ఉంటాది!"

అది నిజమే. మామూకూ తెలుసు. అందుకే ఏటా పొద్దు గూకి ఇఫ్తార్ అయ్యాక, నమాజు చదివి వచ్చాక, ఆయన మళ్ళీ చెంచా తీసి తానే చూసేవాడు. మద్దయ్య చెప్పినదానికి తనది కలిపి సరిచేసేవాడు. ఈ ఏడు ఇఫ్తార్ తర్వాత ఆయన చెంచా తీయలేదు. మద్దయ్య చప్పగుంది అంటే ఆ మాట ప్రకారమే ఉప్పు వేసి వచ్చి పడుకునేవాడు. ఆయన పడుకున్నాక నేను డ్రమ్ములో వేలు పెట్టి చూశాను. రెండు బిందెలు తీసి పారబోసి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోశాను. కొత్త నీళ్ళు పడిన ప్రతి రాత్రీ అలాగే చేశాను. మా ఇంట్లో చేపలు బతికాయి. బయటి ఇళ్ళలో తొట్లకు నేను ఏం చేయగలను?

రంజాన్ మూడో వారంలో ఎమ్మిగనూరు నుంచి తులసీబాయి ఫోను చేసింది. ఆమె బడిలో టీచరు. సాయంత్రం ఇంట్లో ట్యూషను చెప్తుంది. ఆమె హాల్లో తొట్టి పెట్టి పదకొండేళ్ళు. రెండు పెద్ద గోల్డ్ ఫిష్‌లు మొదటి రోజు మామూ తెచ్చిచ్చినవే. ట్యూషను పిల్లలు ఒకదానికి లడ్డు అని, మామూను ఏడిపించడానికి రెండోదానికి జాంగీరి అని పేర్లు పెట్టారు. రెండు వారాల కింద వాటికి తెల్ల చుక్కలు వస్తే మామూ పోయి మందు పాళ్ళలో ఉప్పు వేసి వచ్చాడు. ఇప్పుడు రెండూ నీళ్ళ పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయని ఆమె చెప్పింది.

"ఎండలో ఒక్కడే పోతాడా? ఆ పైపులూ సంచీ నువ్వు పట్టుకో" అని ముమానీ నన్ను వెంట పంపింది.

ఆ రోజు నాకు రోజా లేదు. ఆడవాళ్ళకు నెలలో ఉండకూడని రోజులుంటాయి. ఆ సంగతి మగవాళ్ళకు తెలియనివ్వము. తెల్లవారుజామున సహరీ భోజనానికి అందరితో పాటే లేస్తాము, పగలు అందరిలాగే నోరు కట్టుకుని తిరుగుతాము. వంటింట్లో ముమానీ చాటుగా పెట్టిన రెండు ముద్దలు తిందామనుకునేసరికి బస్సు వేళయింది. బస్సులో మామూ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. రోడ్డుకు రెండు వైపులా పత్తి పెరికేసిన చేలు నల్లగా, ఖాళీగా ఉన్నాయి. ఆయన నిద్రపోలేదు. జేబులో చెంచాను వేళ్ళతో పట్టుకుని ఉన్నాడు.

తులసీబాయి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రా జహంగీరూ. నాలుగు దినాల్నుంచి నాకు పాఠం సాగడం లేదు. పిల్లోళ్ళు పుస్తకం సూడరు, తొట్టినే సూస్తాండారు. ముందు మొక్కలు కరిగిపోయినాయి. మొన్న ఆ నల్లది సచ్చిపాయ."

ముందు మొక్క, తర్వాత సక్కర్. నేను మామూ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. తొట్టి ముందు వంగి, చాలాసేపు అలాగే ఉన్నాడు. చేపలు రెండూ నీటి పైన ఒక పక్కకు వాలి, రొప్పుతున్నాయి. ఒంటి మీద పాలమీగడ లాంటి పొర పట్టింది.

"జబ్బు తగ్గలేదమ్మా. పొర సూడండి. ఇంకొంచెం ఎయ్యాల" అన్నాడు.

సంచి విప్పాడు. చెంబులో నీళ్ళు తీసుకుని ఉప్పు కలపడం మొదలుపెట్టాడు. నేల మీద కూర్చున్న పది మంది పిల్లలు పుస్తకాలు మూసి చూస్తున్నారు. ఉప్పు ఎక్కువైనా చేప బంక అలాగే ఊరుతుంది, ఒళ్ళు మండి. అది కూడా ఆయన నాకు చెప్పిందే. జబ్బు పొరకూ ఉప్పు పొరకూ తేడా కంటికి తెలియదు, నీళ్ళు నాలుకకు తగిలితేనే తెలుస్తుంది అన్నాడు.

తులసీబాయి కూడా చూస్తూ ఉంది. "అదేంది, రుచి సూడకనే కలుపుతాండావు?"

"ఒక్కపొద్దు కదమ్మా."

"ఓ, అవును గదా. మరి ఈ పిల్ల?"

"దానికీ ఒక్కపొద్దే."

చెంబు ఎత్తాడు. పిల్లల్లో ఇందు అనే అమ్మాయి, "సార్, జాంగీరికి బాగైపోతాది కదా?" అని అడిగింది. మామూ తల ఊపాడు. చెంబును తొట్టి మీదికి వంచబోయాడు.

"నాకు ఈరోజు లేదు మామూ" అన్నాను.

నా గొంతు నాకే వినబడనంత చిన్నగా వచ్చింది. కానీ గదిలో ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి అందరికీ వినబడింది. మామూ చెంబు దించాడు. ఆయన మెడ ఎర్రబడింది. నాకు నేల చీలితే బాగుండనిపించింది. తులసీబాయి చప్పున పిల్లల వైపు తిరిగి, "ఏందిరా నోరు తెరుసుకోని సూస్తాండారు? లెక్కలు చేయండి" అని కసిరింది.

మామూ జేబులోంచి చెంచా తీసి తొట్టి అంచు మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. నేను తీసుకుని ముంచి, అరచేతిలో పోసుకుని, నాలుకకు తగిలించాను. పెరట్లోకి పోయి ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చాను. నాలుక మీద ఉప్పు ఇంకా పోలేదు.

"వద్దు మామూ. ఇప్పటికే చాలా ఎక్కువుంది."

"సరిగ్గా సూసినావా?"

"సూసినా. మన ఇంట్లో పప్పులో ఏసేంత ఉంది."

మామూ నా వైపు చూశాడు. కోపం లేదు. చిన్నపిల్లవాడు దారి అడిగినట్టు అడిగాడు.

"మన పప్పులో ఎంతేస్తారు?"

తులసీబాయి అప్పటిదాకా నిలబడి ఉన్నది కుర్చీ లాక్కుని కూర్చుంది. టీచరు కదా. తెలియని పిల్లవాడు తెలిసినట్టు తల ఊపితే కనిపెట్టడం ఆమెకు రోజూ ఉన్న పనే.

"జహంగీరూ. నీకు రుచి తెలుస్తాండాదా?"

"లేదమ్మా. దసరా జ్వరం కాడ్నుంచి లేదు."

"ఆరు నెల్లాయ! మరి ఇన్నాళ్ళూ నా చేపలకు ఏం ఏస్తాంటివి?"

"అలవాటు ఏస్తాంటినమ్మా."

ఆమెకు కోపం వచ్చింది. లేచి తొట్టి దగ్గరకు పోయింది, వెనక్కి వచ్చింది. "పదకొండేండ్లు. నీ మాట మీద ఒక్క చెంచాడు ఎక్కువ ఏయలేదు, తక్కువ ఏయలేదు. చెప్పుకునేదానికి ఏమొచ్చింది నీకు?"

"నాలుక లేనోన్ని ఎవరు పిలుస్తారమ్మా? నాకు ఇదొక్కటే కదా వచ్చేది."

ఆమె తొట్టి వైపు తిరిగింది. "ముందు ఈ ప్రాణాల సంగతి సూడు" అంది.

అక్కడి నుంచి మామూ మళ్ళీ మామూలు మామూ అయ్యాడు. వీధి చివర ఫిల్టరు నీళ్ళ దుకాణం నుంచి నాలుగు క్యాన్లు తెప్పించమన్నాడు. పిల్లలు పరుగెత్తారు. "ఒక్కసారిగా తీస్తే చేప గుండె ఆగిపోతాది. ఈ పొద్దు మూడో వంతు, రేపు మూడో వంతు, ఎల్లుండి ఇంకో వంతు" అని తులసీబాయికి వివరించాడు. పైపు పెట్టి పాత నీళ్ళు పెరట్లోకి లాగాడు. కొత్త నీళ్ళు చెంబుతో, అంచు వెంబడి, చప్పుడు కాకుండా పోశాడు. మధ్యలో ఆయాసం వచ్చి రెండు సార్లు కూర్చున్నాడు. పని అయ్యాక నేను అడగకుండానే చెంచా ముంచి చూశాను. "కొంచెం తగ్గింది" అన్నాను. ఆయన తల ఊపాడు, సరేనన్నట్టు. ఆ తల ఊపడంలో ఏమీ లేదు, ఒక పెద్ద మూట దించిన మనిషి మెడ ఎలా ఉంటుందో అలా ఉంది.

బయలుదేరుతుంటే తులసీబాయి గుమ్మం దాకా వచ్చింది.

"మళ్ళా సోమవారం రా."

మామూ చెప్పులు తొడుక్కుంటూ ఆగిపోయాడు.

"ఈ పిల్లను తోడుకోనొస్తేనే. నువ్వొక్కడివే వస్తే గడప తొక్కనీను. పనికి నీ చెయ్యి, రుచికి దీని నాలుక" అంది. తర్వాత నా చేతిలో ఒక పొట్లం పెట్టి, "చీకటి పడేదాకా ఆగొద్దు, దారిలో తినుమా" అని చెవి దగ్గర చెప్పింది.

తిరుగు బస్సులో మామూ కిటికీ వైపు కూర్చున్నాడు. పొట్లం నా ఒళ్ళోనే ఉంది. విప్పడానికి సిగ్గేసింది. ఆయన బయటికే చూస్తూ, "తినమ్మా. పొద్దున్నించి ఖాళీ కడుపుతో తిరుగుతాండావు" అన్నాడు. నేను ఇటు తిరిగి రెండు అటుకుల ఉండలు తిన్నాను. పొద్దు గూకాక ఆయన సంచిలోంచి ఖర్జూరాలు తీసి నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు.

"ఖర్జూరం కూడా తెలీదా మామూ?"

"మెత్తగుంటాది" అన్నాడు.

మూడో రోజు లడ్డు చచ్చిపోయింది. జాంగీరి బతికింది. ఒంటి మీద పొర ఊడిపోయి మళ్ళీ మేతకు పైకి వస్తోందని ఇందు ఫోనులో అరిచి చెప్పింది. మామూ విని, లడ్డును యాడ పూడ్చినారని మాత్రం అడిగాడు.

ఈద్ నాడు షీర్ ఖుర్మా పాయసం ఇవ్వడానికి మద్దయ్య కొట్టుకు పోయినప్పుడు మామూ తానే సంగతి చెప్పేశాడు. మద్దయ్య గరిటె కింద పెట్టాడు. తర్వాత, "పోనీలే అప్పా, నా టీ బాగలేదని సెప్పేటోడు ఊర్లో ఒకడు తగ్గినాడు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రోజు మద్దయ్య షీర్ ఖుర్మా తాగి, చాలా తీపిగా ఉందని మూడు సార్లు చెప్పాడు, మామూకు చెప్పాల్సిన పని తనదే అన్నట్టు.

పండగ తర్వాత మామూ మిగతా ఇళ్ళకు ఒక్కొక్కదానికే పోయి చెప్పాడు. నేను బయట నిలబడేదాన్ని. తొమ్మిదిలో ఐదు ఇళ్ళు మిగిలాయి. పళ్ళ డాక్టరు తొట్టి ఖాళీ చేయించి దాంట్లో ప్లాస్టిక్ పూలు పెట్టించాడు. కాంపౌండరు ఈసారి ఏమీ అనలేదు.

ఇప్పుడు ప్రతి సోమవారం ఎమ్మిగనూరు పోతాము. ఎండలు ముదిరాయి. బస్సు సీటు కాలుతుంది. దారిలో ఆయన ఎక్కువ మాట్లాడడు, నేనూ మాట్లాడను. తొట్టి దగ్గరకు పోయాక జేబులోంచి చెంచా తీసి అంచు మీద పెడతాడు. నేను తీసుకుంటాను. నేను చూస్తున్నంతసేపూ ఆయన ఇటు చూడడు. గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. నేను పెరట్లోకి పోయి ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చి వెనక నిలబడితే, ఆయనకు అడుగుల చప్పుడు తెలుస్తుంది.

"సెప్పు" అంటాడు, అటే చూస్తూ.

చెప్తాను. అప్పుడు సంచి విప్పుతాడు.